ఆరు పాత సర్వర్లను ఒక్క పెట్టెలో పెట్టడం: డెల్టాలో ఉండే ప్లాంటుకి వర్చువల్ మెషీన్లు వేసుకునే పద్ధతి

భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల ప్లాంటుకి వెళ్ళినా, ఏ రైసు మిల్లుకి వెళ్ళినా సర్వరు గది ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఆఫీసు వెనక చిన్న గది, నీళ్ళు కారే ఏసీ, బల్ల కింద దుమ్ము పట్టిన సీపీయూలు ఐదారు. ఒకటి ట్యాలీకి, ఒకటి కాటాకి, ఒకటి హాజరు మెషీనుకి, ఇంకోటి కోల్డ్ స్టోరేజీ టెంపరేచర్లు రాసుకోడానికి. వాటిలో ఒకదాని మీద "దీన్ని ఆపొద్దు, ఆపితే మళ్ళీ లేవదు" అని చీటీ అంటించి ఉంటుంది. ఆ చీటీ రాసినవాడు ఉద్యోగం మానేసి చాలా కాలమై ఉంటుంది.

ఇలాంటి గదుల్లోనే నా పని. వర్చువలైజేషన్, అంటే ఒకే సర్వరు లోపల చాలా కంప్యూటర్లని సాఫ్ట్‌వేరుతో నడపడం, అనగానే అందరూ కరెంటు ఖర్చు, చోటు, పెట్టెల సంఖ్య తగ్గుతాయని చెబుతారు. నిజమే, తగ్గుతాయి. కానీ మన డెల్టాలో నాకు కనిపించే అసలు కారణం వేరు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. ఈ నేల సముద్ర మట్టానికి కొద్ది మీటర్లే ఎత్తు. గదిలోకి నీళ్ళొచ్చిన రాత్రి ఆరు సీపీయూలు ఎవరు మోస్తారు? అలా లోపల నడిచే ఒక్కో వర్చువల్ మెషీన్, అంటే వీఎం, చివరికి ఒక ఫైలు. ఆ ఫైలు ముందురోజు రాత్రే వేరే ఊరు చేరిపోయి ఉంటుంది. కింద చెప్పే ప్రతి పనీ ఆ ఒక్క సౌకర్యం కోసమే చేస్తున్నాం అనుకోండి. ఏది ముఖ్యమో, దేన్ని వదిలేయొచ్చో మీకే తెలిసిపోతుంది.

1. ఏ సాఫ్ట్‌వేరు?

అసలు కంప్యూటరు మీద నేరుగా కూర్చుని, దాని సీపీయూని, మెమరీని, డిస్కుని వీఎంలకి పంచే సాఫ్ట్‌వేరునే హైపర్‌వైజర్ అంటాం. చాలాకాలం ఈ మాటకి అర్థం వీఎంవేర్ ఒక్కటే. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ ఆ కంపెనీని కొనేసింది. ఆ డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి, సబ్‌స్క్రిప్షన్ మాత్రమే అంది. 2024 ఫిబ్రవరిలో ఉచితంగా ఇచ్చే హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ కూడా తీసేసి, 2025 ఏప్రిల్లో మళ్ళీ ఇచ్చింది. సాఫ్ట్‌వేరులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ రెండు మూడు సర్వర్ల వాళ్ళు ఏటేటా కోర్ల లెక్కన డబ్బు కట్టడం బరువే.

మీ దగ్గర ఉన్నవన్నీ విండోస్ సర్వర్లే అయితే, లైనక్స్ అంటే మీకు చిరాకైతే, విండోస్ సర్వర్‌తో పాటే వచ్చే హైపర్-వి చాలు. ఇందులో మొహమాటం ఏమీ లేదు. లైనక్స్ కాస్తయినా చేతికి అలవాటున్న మనిషి ఒక్కడుంటే మాత్రం నేను ప్రాక్స్‌మాక్స్ వీఈ అంటాను. వియన్నాలోని కంపెనీ చేసింది, 2008 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్. లోపల పనిచేసేది కేవీఎం అనే హైపర్‌వైజర్. అది 2007లో లైనక్స్ కెర్నల్ 2.6.20తో కలిసిపోయింది, ఇవాళ పెద్ద పెద్ద క్లౌడ్‌లు కొన్ని నడుస్తున్నవీ దాని మీదే. ప్రాక్స్‌మాక్స్ 9వ వెర్షన్ 2025 ఆగస్టులో వచ్చింది, దానికి పునాది డెబియన్ 13. ఈ వ్యాసమంతా దాన్ని పట్టుకునే చెబుతాను. క్రమం మాత్రం ఏ సాఫ్ట్‌వేరుకైనా ఇదే.

2. కొనేముందు ఒక వారం లెక్క రాయండి

వెండరు కొటేషను తెచ్చాక లెక్క వేయడం కాదు. ఇప్పుడున్న ఒక్కో మెషీనులో టాస్క్ మేనేజరు తెరిచి సీపీయూ, మెమరీ, డిస్కు ఎంత వాడుతోందో వారంపాటు రోజుకి మూడుసార్లు నోటుబుక్కులో రాయండి. చెరువులు పట్టుబడి అయ్యే సీజనులో వచ్చే లెక్క, ఖాళీ రోజుల్లో వచ్చే లెక్క ఒకటి కాదు. సీజనులో రాసిందే లెక్క.

ఇక్కడ సీపీయూకీ మెమరీకీ ఉన్న తేడా తెలుసుకోవాలి. దాళ్వాలో కాలువ నీళ్ళు వంతుల వారీగా ఇస్తారు కదా, లస్కరు ఇవాళ ఈ తూము తీసి రేపు ఆ తూము తీసినట్టు. సీపీయూ అలాంటిది. 16 కోర్ల సర్వరులో వీఎంలన్నిటికీ కలిపి 30 కోర్లు రాసిచ్చినా పర్వాలేదు, అందరికీ ఒకేసారి అవసరం పడదు. మెమరీ అలా కాదు. అది ఊడ్చిన చేలో నిలబెట్టిన నీరు. ఒక చేలో ఉన్నది ఇంకో చేలో ఉండదు. ఉన్న ర్యామ్ కంటే ఎక్కువ పంచకండి, అంతే.

ఒక మోస్తరు ప్లాంటుకి నా లెక్క ఇలా ఉంటుంది. ఈఆర్పీ (కొనుగోళ్ళు, స్టాకు, బిల్లులు అన్నీ చూసే సాఫ్ట్‌వేరు) డేటాబేసుకి 32 జీబీ, ట్యాలీకి 16, డొమైన్ కంట్రోలరుకి (ఆఫీసు యూజర్ల లాగిన్లు చూసేది) 6, కాటా, హాజరు, టెంపరేచర్ లాగింగుకి తలా 4. మొత్తం 66. హోస్టుకి, అంటే వీఎంలన్నిటినీ మోసే అసలు పెట్టెకి, ఇంకో 16 వదలాలి. 96 జీబీ సరిపోతుంది కదా అంటారు. 128 కొనండి. మిగిలింది ఎందుకో 8వ అంచెలో తెలుస్తుంది.

విండోస్ లైసెన్సు సంగతి కూడా కొనేముందే చూసుకోవాలి. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్సు ఆ పెట్టెలో ఉన్న అసలు కోర్లన్నిటికీ తీసుకోవాలి, తక్కువలో తక్కువ 16 కోర్లకి. అలా ఒకసారి తీసుకుంటే రెండు విండోస్ సర్వర్ వీఎంలకి హక్కు వస్తుంది. నాలుగు కావాలంటే రెండుసార్లు తీసుకోవాలి. అందుకే అవసరం లేకుండా 32 కోర్ల ప్రాసెసరు కొంటే, సర్వరు కంటే లైసెన్సు బిల్లు ఎక్కువైపోతుంది. 16 కోర్లు, స్పీడు బాగున్నది తీసుకోండి.

డిస్కుల విషయంలో పిసినారితనం వద్దు. ఇంట్లో ల్యాప్‌టాపుకి వేసే ఎస్ఎస్‌డీలు సర్వరుకి పెడితే మొదటి నెల బాగానే ఉంటుంది, తర్వాత చుక్కలు కనిపిస్తాయి. కరెంటు పోయినా చేతిలో ఉన్న డేటా రాసేసుకునే కెపాసిటర్లు ఉన్న ఎంటర్‌ప్రైజ్ ఎస్ఎస్‌డీలే కావాలి. 1.92 టీబీవి నాలుగు, సిస్టమ్ కోసం చిన్నవి రెండు. మెమరీ ఈసీసీ రకం, అంటే తప్పుల్ని తనే దిద్దుకునేది. డిస్కులని జతకట్టే రెయిడ్ కార్డు ఉంటే దాన్ని హెచ్‌బీఏ మోడ్‌లో, అంటే డిస్కులని ఉన్నవి ఉన్నట్టు చూపించే మోడ్‌లో పెట్టించండి. డిస్కులని చూసుకునే పని ప్రాక్స్‌మాక్స్‌తో వచ్చే జడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ది, మధ్యలో ఇంకో పెత్తనం ఉండకూడదు.

సీసీ కెమెరాల రికార్డింగు ఇందులోకి తేవద్దు. అది రాత్రీ పగలూ డిస్కు మీద రాస్తూనే ఉంటుంది. దాని పెట్టె దానికి ఉండనివ్వండి.

3. గది

మేడ మీద గది దొరికితే మేడ మీదే. ఓనరు గారు "పైన ఎండ కదండీ" అంటారు. ఏసీ రెండోది పెట్టించండి గానీ కింద మాత్రం వద్దు. కింద తప్పదంటే రాక్ అడుగున ఖాళీ వదిలి, సర్వర్లని పై సగంలో బిగించండి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పు గాలి ఉన్నచోట కిటికీలు పూర్తిగా మూయించాలి. కనెక్టర్లు పచ్చగా మారడం అక్కడ చాలా మామూలు. మిల్లుల్లో అయితే ఊక దుమ్ము, ఎలుకలు. కేబుళ్ళు వచ్చే కన్నాలన్నీ మూసేయండి.

యూపీఎస్ కనీసం అరగంట ఆగాలి. జనరేటరు ఉంది కదా అని పది నిమిషాల బ్యాటరీతో సరిపెట్టుకోకండి. జనరేటరు స్టార్టు కాని రోజు ఒకటి వస్తుంది, అది వాన పడే రాత్రే అయి ఉంటుంది. యూపీఎస్‌కి యూఎస్‌బీ గానీ నెట్‌వర్క్ కార్డు గానీ ఉన్నది తీసుకుని, ప్రాక్స్‌మాక్స్ హోస్టులో నట్ అనే ప్రోగ్రాం వేస్తే, బ్యాటరీ అడుగంటే సమయానికి వీఎంలన్నిటినీ పద్ధతిగా ఆపి తనూ ఆగిపోతుంది.

4. ఇన్‌స్టాలేషను

ఇది అరగంట పని. ముందు బయోస్‌లోకి వెళ్ళి వర్చువలైజేషన్ ఆప్షను ఆన్ చేయాలి. ఇంటెల్‌లో దాని పేరు వీటీ-ఎక్స్, ఏఎండీలో ఎస్‌వీఎం. ప్రాక్స్‌మాక్స్ ఐఎస్ఓ ఫైలుని పెన్‌డ్రైవులోకి ఎక్కించి దానితో బూట్ చేయండి. డిస్కు అడిగే చోట ఆప్షన్స్ నొక్కి, రెండు చిన్న ఎస్ఎస్‌డీలకి జడ్ఎఫ్ఎస్ రెయిడ్1 ఎంచుకోండి. ఒకటి పోయినా రెండోదానితో లేస్తుంది.

హోస్టు పేరు అడిగినప్పుడు ఆలోచించి ఇవ్వండి. వీఎంలు ఎక్కించాక ఆ పేరు మార్చడం తలనొప్పి. ఐపీ అడ్రసు స్థిరంగా ఉండేది, ఉదాహరణకి 192.168.10.5. రీస్టార్టు అయ్యాక మీ ల్యాప్‌టాపు బ్రౌజరులో ఆ అడ్రసుకి 8006 పోర్టు తగిలించి తెరవండి. సర్టిఫికెట్టు నమ్మదగింది కాదని బ్రౌజరు భయపెడుతుంది, మీ సొంత సర్వరే కాబట్టి ముందుకెళ్ళండి.

లాగిన్ అవగానే సబ్‌స్క్రిప్షను లేదని ఒక పెట్టె వస్తుంది. సాఫ్ట్‌వేరు ఉచితమే. సబ్‌స్క్రిప్షను అనేది బాగా పరీక్షించిన అప్‌డేట్లకీ, స్థాయిని బట్టి సపోర్టుకీ, ప్రాసెసరు లెక్కన ఏడాదికింత. ప్లాంటు మొత్తం దీని మీద నడుస్తుంటే కట్టండి, అన్యాయమైన రేటేమీ కాదు. నేర్చుకునే దశలో అయితే రిపాజిటరీస్ పేజీలో ఎంటర్‌ప్రైజ్ దాన్ని ఆపి, నో-సబ్‌స్క్రిప్షన్ దాన్ని చేర్చి, అప్‌డేట్ కొట్టి ఒకసారి రీస్టార్టు చేయండి.

తర్వాత డిస్క్స్ కింద జడ్ఎఫ్ఎస్‌లోకి వెళ్ళి మిగతా నాలుగు డిస్కులతో రెయిడ్10 పూల్ (రెండేసి డిస్కులు జతగా ఒకే డేటా దాచే ఉమ్మడి స్టోరేజీ) తయారు చేయండి. కంప్రెషన్ ఆన్. వాడకానికి వచ్చేది సుమారు 3.8 టీబీ. అందులో 80 శాతం దాటనివ్వకండి.

రూట్ పాస్‌వర్డు మీద రోజూ పని చేయొద్దు. మీకొక యూజరు, దానికి ఫోనులో కోడు వచ్చే రెండో తాళం. 8006 పోర్టుని ఇంటర్నెట్టుకి తెరవమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఇంటి నుంచి చూడాలంటే వైర్‌గార్డ్ వీపీఎన్.

ఇంకో చిన్న పని, అందరూ మర్చిపోయేది: గడియారం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ సిస్టమ్‌ల టైముని ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ నడిపే ఎన్‌టీపీ (టైము చెప్పే) సర్వర్లతో సరిపెట్టుకోవాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. హోస్టు టైము సరిగ్గా ఉంటే వీఎంల టైము, దాంతో కాటా చీటీల టైము సరిగ్గా ఉంటాయి.

5. మొదటి వీఎం

పైన కుడి పక్క క్రియేట్ వీఎం. నంబరు అడుగుతుంది. నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను: వీఎం నంబరే ఐపీలో చివరి అంకె. వీఎం 121 అంటే 192.168.10.121. రాత్రి రెండింటికి ఫోనొస్తే ఏ నంబరు ఏమిటని వెతుక్కోనక్కర్లేదు.

విండోస్ సర్వర్ 2022 పెడుతున్నాం అనుకుందాం. ఓఎస్ ట్యాబులో విండోస్ అని చెప్పి, కింద వర్ట్‌ఐఓ (వీఎంల కోసమే చేసిన డిస్కు, నెట్‌వర్కు పద్ధతి) డ్రైవర్లకి ఇంకో సీడీ డ్రైవు చేర్చే టిక్ పెట్టండి. ఆ డ్రైవర్ల ఐఎస్ఓ ముందే డౌన్‌లోడు చేసి స్టోరేజీలో పెట్టుకోవాలి. సిస్టమ్ ట్యాబులో మెషీన్ క్యూ35, బయోస్ ఓవీఎంఎఫ్, టీపీఎం 2.0, క్యూఈఎంయూ ఏజెంట్ టిక్. డిస్కు స్కజీ రకం, కంట్రోలరు వర్ట్‌ఐఓ స్కజీ సింగిల్, డిస్కార్డ్, ఐఓ థ్రెడ్ రెండూ టిక్. డిస్కార్డ్ పెట్టకపోతే విండోస్ లోపల ఫైళ్ళు తుడిచేసినా బయట చోటు ఖాళీ కాదు. సీపీయూ టైపు హోస్ట్. వేరే మోడలు సర్వరుకి నడుస్తుండగానే మార్చే ఉద్దేశం ఉంటే మాత్రం ముందే ఇచ్చిన టైపునే ఉంచండి. డేటాబేసు వీఎంకి మెమరీలో బెలూనింగ్ (అవసరాన్ని బట్టి మెమరీ వెనక్కి తీసుకోవడం) టిక్ తీసేయండి. నెట్‌వర్కు వర్ట్‌ఐఓ.

స్టార్టు చేసి కన్సోల్ తెరవండి. విండోస్ సెటప్పు నడిచి నడిచి, ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి అని అడిగే తెర వస్తుంది. ఆ తెర ఖాళీగా ఉంటుంది. ఒక్క డిస్కూ కనిపించదు. కొత్తవాళ్ళలో సగంమంది ఇక్కడే ఆగిపోయి, డిస్కు పాడైందనుకుని వీఎం తుడిచేసి మళ్ళీ మొదలెడతారు. డిస్కుకేమీ కాలేదు. వర్ట్‌ఐఓ అనే భాష విండోస్‌కి పుట్టుకతో రాదు. కింద లోడ్ డ్రైవర్ నొక్కి, బ్రౌజ్‌లో రెండో సీడీ తెరిచి, వయోస్కజీ ఫోల్డరు, అందులో 2కే22, అందులో ఏఎండీ64 ఎంచుకోండి. రెండు క్షణాల్లో డిస్కు ప్రత్యక్షమవుతుంది. ఇన్‌స్టాల్ అయ్యాక అదే సీడీలో ఉన్న గెస్ట్ టూల్స్ సెటప్పు నడిపితే నెట్‌వర్కు, ఏజెంటు అన్నీ కుదురుకుంటాయి.

ఆ ఏజెంటు చిన్న విషయం కాదు. బ్యాకప్ తీసే క్షణంలో అదే విండోస్‌కి చెప్పి డేటాబేసు రాతల్ని ఒక్క క్షణం నిలబెడుతుంది. అది లేకపోతే బ్యాకప్ అంటే నడుస్తున్న మెషీను ప్లగ్గు పీకినప్పటి స్థితి.

6. పాత మెషీన్లని లోపలికి తేవడం

ముందు అంత ముఖ్యం కానిదాన్ని తెచ్చి చేయి తిప్పుకోండి. హాజరు మెషీను మంచిది. ఒకరోజు పోయినా రిజిస్టర్లో సంతకాలు పెట్టించొచ్చు.

పాత విండోస్ పెట్టెలో డిస్క్2వీహెచ్‌డీ అనే మైక్రోసాఫ్ట్ ఉచిత పనిముట్టు నడిపితే, మొత్తం డిస్కుని ఒక వీహెచ్‌డీఎక్స్ ఫైలుగా బయటి హార్డ్ డిస్కులోకి తీసి ఇస్తుంది. ఆ ఫైలుని ప్రాక్స్‌మాక్స్ హోస్టుకి చేర్చి, ఖాళీ వీఎం ఒకటి తయారుచేయండి. ఇక్కడ ఒక్కచోట కమాండు కొట్టక తప్పదు. షెల్‌లో క్యూఎం డిస్క్ ఇంపోర్ట్ అన్న కమాండుకి వీఎం నంబరు, ఫైలు ఉన్న చోటు, స్టోరేజీ పేరు ఈ వరసలో ఇవ్వాలి. అయ్యాక హార్డ్‌వేర్ ట్యాబులో వాడని డిస్కుగా కనిపిస్తుంది. దాన్ని ముందు శాటాగా తగిలించండి, వర్ట్‌ఐఓగా కాదు. పాత విండోస్‌లో ఆ డ్రైవరు ఉండదు కాబట్టి నీలం తెర వస్తుంది. శాటాతో లేచాక, 1 జీబీ డిస్కు ఒకటి వర్ట్‌ఐఓ స్కజీగా అదనంగా తగిలించి డ్రైవరు ఎక్కించి, అప్పుడు ఆపి అసలు డిస్కుని మార్చుకోవచ్చు. డిస్కు మార్చిన ప్రతిసారీ ఆప్షన్స్‌లో బూట్ ఆర్డరు చూడండి.

పాత పెట్టె లెగసీ బయోస్‌దైతే వీఎంకి సీబయోస్, యూఈఎఫ్ఐదైతే ఓవీఎంఎఫ్. ఇది తప్పితే బూటయ్యే డిస్కు లేదంటుంది.

వీఎంవేర్ నుంచి వచ్చేవాళ్ళకి పని సులువు. 2024 ఏప్రిల్లో వచ్చిన 8.2 వెర్షను నుంచీ స్టోరేజీ జాబితాలో ఈఎస్ఎక్స్ఐ చేర్చే వీలుంది. పాత హోస్టు అడ్రసు, పాస్‌వర్డు ఇస్తే దాని వీఎంలు ఇక్కడే కనిపిస్తాయి, ఇంపోర్ట్ నొక్కడమే. దానికి ముందు మూడు పనులు చేయండి: వీఎంవేర్ టూల్స్ తీసేయడం, స్నాప్‌షాట్లు (వీఎం ఒక క్షణంలో ఎలా ఉందో పట్టి ఉంచేవి) తుడిచేయడం, ఐపీ వివరాలు కాగితం మీద రాసుకోవడం. నెట్‌వర్కు కార్డు మారుతుంది కాబట్టి విండోస్ పాత ఐపీ మర్చిపోతుంది. డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ చేతిలో లేకుండా మొదలెట్టొద్దు.

ఇక మన దగ్గర మాత్రమే తగిలే చిక్కులు. కాటా ఇండికేటరు సీరియల్ కేబులుతో పాత కంప్యూటరుకి తగిలించి ఉంటుంది. ఆ కేబులు మేడమీద సర్వరు దాకా లాగకండి. సీరియల్‌ని ఈథర్నెట్‌గా మార్చే చిన్న డబ్బా కాటా గదిలో పెట్టి, వీఎం లోపల దాని డ్రైవరు వేస్తే సాఫ్ట్‌వేరుకి పాత కామ్ పోర్టులాగే కనిపిస్తుంది. బాడ్ రేటు (డేటా పంపే వేగం) మాత్రం ఇండికేటరులో ఎంతుందో అంతే పెట్టాలి. కోల్డ్ స్టోరేజీ సెన్సర్లకీ ఇదే పద్ధతి. కొన్ని సాఫ్ట్‌వేర్లకి లైసెన్సు తాళంగా యూఎస్‌బీ డాంగిల్ ఉంటుంది. హార్డ్‌వేర్ ట్యాబులో యూఎస్‌బీ చేర్చి వీఎంకి అప్పగించొచ్చు. కానీ ఆ వీఎం ఇక ఆ పెట్టెకి కట్టేసినట్టే. వెండరుని అడిగి సాఫ్ట్‌వేరు లైసెన్సుగా మార్పించుకోడానికి పోట్లాడండి.

కాటా సాఫ్ట్‌వేరు విండోస్ 7 మీద తప్ప నడవదంటే, సరే, తెచ్చుకోండి. దానికి సపోర్టు 2020 జనవరి 14తోనే అయిపోయింది. వేరే వీల్యాన్‌లో, అంటే మిగతావాటితో కలవని నెట్‌వర్కులో పెట్టి ఇంటర్నెట్టు పూర్తిగా కోసేయండి.

ఈఆర్పీ, ట్యాలీ మార్చడానికి సంక్రాంతిని మించిన ముహూర్తం లేదు. భోగి, పండగ, కనుమ మూడు రోజులూ కూలీలుండరు, లారీలుండవు. కోడిపందేలు ఈసారికి ఫోనులో చూసుకోండి. మార్చాక పాత పెట్టెల నెట్‌వర్కు కేబుళ్ళు పీకి, నెలరోజుల దాకా ఫార్మాటు చేయకుండా పక్కన పెట్టండి.

7. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు: నా తప్పు ఒకటి

ఒక ప్లాంటులో ఈఆర్పీ అప్‌గ్రేడు. రాత్రి పదింటికి స్నాప్‌షాట్ తీసుకున్నాను, ఏదైనా తేడా వస్తే వెనక్కి రావొచ్చని. అప్‌గ్రేడు చక్కగా అయింది, టీ తాగి ఇంటికొచ్చేశాను. స్నాప్‌షాట్ తీసేయడం మర్చిపోయాను.

మూడు నెలల తర్వాత, పట్టుబడి జోరుగా ఉన్న రోజు, కాటా దగ్గర కుర్రాడు ఫోను చేశాడు. "ఏమండీ, బిల్లు పడట్లేదండీ. మౌసు కూడా కదలట్లేదు." తెరిచి చూస్తే వీఎం పేరు మీద పసుపు త్రికోణం, పక్కన ఐఓ-ఎర్రర్. స్టోరేజీ 100 శాతం. స్నాప్‌షాట్ ఉన్నంతకాలం పాత డేటా ఒక పక్క, మారిన డేటా ఇంకో పక్క రెండూ చోటు తింటాయి. థిన్ డిస్కులు, అంటే రాసినంత మేరకే చోటు తీసుకునేవి కాబట్టి వీఎం లోపల చూస్తే ఇంకా బోలెడు ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది. బయట మాత్రం చుక్క మిగల్లేదు. గేటు బయట ఐసు వేసిన రొయ్యల వ్యాన్లు వరసగా నిలబడ్డాయి. ఐసు కరగడానికి మన ట్రబుల్‌షూటింగుతో పని లేదు.

కంగారులో ఆ వీఎంని రీసెట్ చేయబోయి ఆగాను. అలా చేసి ఉంటే మధ్యలో ఉన్న రాతలు పోయేవి. పక్కన పరీక్ష కోసం పెట్టుకున్న వీఎం ఒకటుంటే దాని డిస్కు తుడిచేశాను. చోటు రాగానే ఈఆర్పీ వీఎంకి రెజ్యూమ్ కొట్టాను. ఆగినచోటి నుంచే కదిలింది. ఆ రాత్రి స్నాప్‌షాట్ తీసేశాను.

అప్పటి నుంచీ రెండు నియమాలు. స్నాప్‌షాట్ పేరులోనే తీసేయాల్సిన తేదీ పెడతాను. స్టోరేజీ 80 శాతం దాటితే నా ఫోనుకి మెసేజి వచ్చే ఏర్పాటు చేస్తాను. ఇంకో సంగతి, స్నాప్‌షాట్ ఉండేది అదే డిస్కుల మీద. డిస్కులు పోతే అదీ పోతుంది.

8. బ్యాకప్, అంతకంటే ముఖ్యంగా తిరిగి తేవడం

ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ అనేది వేరే సాఫ్ట్‌వేరు, అదీ ఉచితమే. దాన్ని వేరే పెట్టెలో, వేరే భవనంలో పెట్టండి. మార్చేసిన పాత సర్వరులో కొత్త డిస్కులు వేసినా నడుస్తుంది. వెబ్ పేజీ 8007 పోర్టులో ఉంటుంది. మొదటిరోజు మొత్తం కాపీ వెళుతుంది. రెండోరోజు నుంచి మారిన ముక్కలు మాత్రమే, అదీ ఒకే రకం ముక్క రెండుసార్లు దాచుకోకుండా. అందుకే ప్రతిరాత్రీ తీసినా డిస్కు అంత తొందరగా నిండదు. రోజువారీవి 7, వారానివి 4, నెలవి 12 ఉంచమని, పాతవి తీసేసే ప్రూన్‌లో చెప్పండి. కాపీలు చెడిపోలేదని సరిచూసే వెరిఫై జాబు నెలకోసారి పెట్టండి.

హోస్టుకి ఇచ్చే యూజరుకి బ్యాకప్ తీసే హక్కు మాత్రమే ఇవ్వండి, తుడిచే హక్కు వద్దు. డబ్బు కోసం ఫైళ్ళకి తాళం వేసే రాన్సమ్‌వేర్ వాడు హోస్టు దాకా వచ్చినా పాత కాపీలు తుడవలేడు. ఎన్‌క్రిప్షను పెడితే ఆ కీని కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. కీ కూడా అదే సర్వరులో ఉంటే, తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకోవడమే.

రెండో కాపీ మెట్టలో ఉండాలి. జంగారెడ్డిగూడెం వైపు బ్రాంచి ఉంటే అక్కడ ఇంకో బ్యాకప్ సర్వరు పెట్టి, ప్రతిరాత్రీ ఇక్కడి నుంచి లాక్కునేలా సింక్ జాబు పెట్టండి. ఎక్కడా లేకపోతే హైదరాబాదులో ఏదైనా డేటా సెంటరు. దేశం లోపలే ఉండాలి సుమా. కంపెనీల అకౌంట్స్ నియమాలకి 2022లో వచ్చిన సవరణ ప్రకారం, ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వరులో రోజువారీగా ఉండాలి.

ఇప్పుడు 128 జీబీ సంగతి. అసలు వీఎం నడుస్తుండగానే దాని కాపీ లేవాలంటే మెమరీ మిగిలి ఉండాలి. నెలకోసారి, నాకైతే మొదటి శనివారం, ఒక వీఎంని ఎంచుకుని బ్యాకప్ నుంచి నిజంగా తిరిగి తెస్తాను. రిస్టోర్ నొక్కి, వేరే నంబరు, ఉదాహరణకి 921 ఇచ్చి, యూనిక్ అనేదానికి టిక్ పెడతాను. రిస్టోర్ కాగానే స్టార్ట్ చేసే టిక్ తీసేస్తాను. ఇది ముఖ్యం. ముందు హార్డ్‌వేర్‌లో నెట్‌వర్కు కార్డుకి డిస్‌కనెక్ట్ పెట్టాలి. లేదంటే ఒకే ఐపీతో రెండు ట్యాలీ సర్వర్లు లేచి, అసలుదాని మీద పనిచేస్తున్న గుమస్తాలందరూ ఒకేసారి ఫోను చేస్తారు. తర్వాత స్టార్టు చేసి, కన్సోల్లోంచి ట్యాలీ తెరిచి, నిన్న సాయంత్రం వేసిన ఆఖరి బిల్లు నంబరు చదువుతాను. అకౌంటెంటు దగ్గరున్న కాగితంతో సరిచూస్తాను. రిస్టోర్ నొక్కిన దగ్గర్నుంచి బిల్లు కనపడేదాకా ఎంతసేపు పట్టిందో రాసుకుని, 921ని తుడిచేస్తాను.

ఆ టైము ఓనరు గారికి చూపించండి. "రెండు గంటలాగితే పర్వాలేదు" అంటే ఒక మంచి సర్వరు, బ్యాకప్ సర్వరు, అత్యవసరానికి ఒక పాత పెట్టె చాలు. పది నిమిషాలు కూడా ఆగకూడదంటే క్లస్టరు, అంటే ఒకటి పడితే ఇంకోటి అందుకునే సర్వర్ల జట్టు కట్టాలి. క్లస్టరుకి రెండు సర్వర్లు చాలవు. ఒకదానికొకటి కనపడకపోతే ఎవరు బతికున్నారో తేల్చడానికి మూడో ఓటు కావాలి. చిన్న పెట్టెలో క్యూడివైస్ అనేది పెడితే ఆ ఓటు వస్తుంది. జడ్ఎఫ్ఎస్ రెప్లికేషనుతో రెండో సర్వరుకి కాపీ వెళుతుంటుంది, కానీ ఆఖరి కొద్ది నిమిషాల డేటా పోవచ్చు. నన్నడిగితే మన ప్రాంతంలో చాలా ప్లాంట్లకి క్లస్టరు అక్కర్లేదు. క్లస్టరు కట్టి రిస్టోర్ ఎప్పుడూ చేసి చూడనివాళ్ళని నేను ఎక్కువగా చూశాను.

9. తుఫాను వస్తున్నప్పుడు

కాకినాడ ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేశారని టీవీలో రాగానే మొదలుపెట్టండి, గాలి మొదలయ్యాక కాదు. ముందు అన్ని వీఎంలకీ చేత్తో ఒక బ్యాకప్. అది మెట్టలోని కాపీకి చేరిందో లేదో సింక్ లాగ్‌లో చూడండి. బిల్లింగు ఆపించి, ఆర్డరు ప్రకారం వీఎంలు ఆపండి: ముందు ఈఆర్పీ, కాటా, ట్యాలీ, ఆఖరికి డొమైన్ కంట్రోలరు. ఆప్షన్స్‌లో స్టార్ట్, షట్‌డౌన్ ఆర్డరు ముందే రాసి ఉంటే హోస్టుని ఆపితే చాలు, అదే చూసుకుంటుంది. తర్వాత ప్లగ్గులు పీకండి, నెట్‌వర్కు కేబుళ్ళతో సహా. పిడుగులు చాలాసార్లు ఆ దారినే వస్తాయి. ఎన్‌క్రిప్షను కీ ప్రింటు, ఐపీల జాబితా ప్లాస్టిక్ కవర్లో పెట్టి మీతో తీసుకెళ్ళండి.

నీళ్ళు తీశాక తొందరపడి ఆన్ చేయొద్దు. గది ఆరాలి, ఎర్తింగు ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. కరెంటు వచ్చి ఒక పూట నిలకడగా ఉన్నాక యూపీఎస్, దాని తర్వాత స్విచ్చి, ఆపైన హోస్టు. హోస్టు టైము సరిగ్గా ఉందో లేదో, పూల్ స్టేటస్ ఆన్‌లైన్ అని ఉందో లేదో చూసి, డొమైన్ కంట్రోలరుతో మొదలెట్టి ఒక్కో వీఎంని లేపండి. పెట్టె తడిసి పాడైపోయి ఉంటే పాత స్పేరు పెట్టెలో ప్రాక్స్‌మాక్స్ వేసి, మెట్టలోని బ్యాకప్ సర్వరుని స్టోరేజీగా తగిలించి, కాటా, ఈఆర్పీ రెండూ ముందు రిస్టోర్ చేయండి, మిగతావి రాత్రికి చూసుకోవచ్చు. కాటా వీఎం లేచాక ఖాళీ లారీ ఒకదాన్ని ఎక్కించి తూకం చీటీ తీయించండి. చీటీ మీద బరువు, తేదీ, టైము సరిగ్గా పడితే గేటు తీయమని చెప్పొచ్చు.